పెళ్లి కెమెరాతో డాక్యుమెంటరీ: నా అనుభవం

రాజోలు దగ్గర నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాను. నిరుడు మా పక్క లంక ఊళ్లో డీఎండీ జబ్బున్న 11 ఏళ్ల బాబు మీద చిన్న డాక్యుమెంటరీ తీశాను. ఇలాంటిది తీయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. బాబు పేరు, ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

డీఎండీ అంటే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. కండరాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒంట్లో తయారవదు. దాదాపుగా మగపిల్లలకే వస్తుంది, సుమారు 3,500 నుంచి 5,000 మందిలో ఒకరికి. మూడు నాలుగేళ్ల వయసులో తరచూ పడిపోవడం, మునివేళ్ల మీద నడవడం మొదలవుతుంది. పది పన్నెండేళ్లకు చాలామంది చక్రాల కుర్చీకి వచ్చేస్తారు. ఆ తర్వాత గుండెకీ ఊపిరికీ ఇబ్బంది. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ కొంతకాలం నెట్టుకొస్తాయి గానీ పూర్తిగా నయం చేసే మందు లేదు. ఈ బాబుకి మొదట్లో బలానికి టానిక్కులు రాశారు. పిక్కలు లావుగా ఉండేవి కాబట్టి "వీడికేంటి, కబడ్డీ ప్లేయర్‌లా ఉన్నాడు" అనేవారట ఊళ్లో. కండ పోయిన చోట కొవ్వు చేరి అలా కనపడుతుందని ఎవరికి తెలుసు? చివరికి ఒక డాక్టరు గారు సీపీకే రక్తపరీక్ష (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైముని చూసేది) రాస్తే, వంద రెండు వందల్లో ఉండాల్సిన అంకె వేలల్లో వచ్చింది. తర్వాత హైదరాబాదులో జన్యు పరీక్ష.

వీడియో ఆలోచన ఫిజియోథెరపిస్టుగారిది. టీచర్లకు, ఆశా వర్కర్లకు చూపిస్తే మిగతా పిల్లలనైనా తొందరగా పట్టుకోవచ్చని. అమ్మానాన్నల సంతకాలతో సరిపోదు, బాబు కూడా సరే అనాలని ఆయన ముందే చెప్పారు. బాబు ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. వాడి లెక్కల పుస్తకం చూపించాలట. వాళ్ల నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. ఏ తోటలో ఎన్ని చెట్లు ఎక్కాడు, ఎంత రావాలి, ఎవరు బాకీ, అన్నీ వీడే రాస్తాడు. పొద్దున్నే ఫోన్లో అంబాజీపేట మార్కెట్ ధర చూసి "వెయ్యి కాయ ఇవాళ ఇంత" అని వీధిలో అందరికీ చెప్పడం కూడా వీడి డ్యూటీయే.

తీయాల్సిన ముఖ్యమైన షాట్ ఒకటి ఉంది: నేల మీంచి లేవడం. దీన్ని గోవర్స్ సైన్ అంటారు. ముందు బోర్లా తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, నడుము పైకెత్తి, ఆ తర్వాత చేతులు ముందు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించుకుంటూ తన ఒళ్లు తానే ఎక్కుతున్నట్టు లేస్తారు. ఈ బాబు ఇప్పుడు అలా కూడా లేవలేడు. అదృష్టవశాత్తూ వాళ్లమ్మ ఫోన్లో ఆరేళ్లప్పటి వీడియో దొరికింది. బంతి కోసం కూర్చుని లేస్తున్నాడు, వెనక ఎవరో నవ్వుతున్నారు. సౌండ్ తీసేసి అదే వాడాను.

నరసాపురంలో ఫిజియోథెరపీకి వెళ్లేది సఖినేటిపల్లి రేవు నుంచి, గోదావరి దాటించే పంటు మీద. చించినాడ వంతెన మీదుగా వెళ్తే ఆటో ఖర్చు ఎక్కువ. రేవులో కుర్చీ చక్రాలు ఇసకలో దిగబడిపోతాయి. నాన్న వాణ్ణి చంకనేసుకుంటే, ఎవరో బైకాయన దిగొచ్చి కుర్చీ ఎత్తిపెట్టాడు. వీడేమో టికెట్లిచ్చే అతన్ని "నా బండికి ఎంతండీ?" అని అడుగుతున్నాడు. మొత్తం వీడియోలో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

నాన్న చెట్టెక్కుతుంటే కూడా తీశాను. పైన నాన్న, కింద కుర్చీలో కొడుకు. ఎడిటింగులో పక్కపక్కన పెడితే చూసినవాళ్లంతా ఏడుస్తారని తెలుసు. ఆయన చూసి, "జనాన్ని ఏడిపించడానికాండీ ఇది తీసింది?" అన్నాడు. తీసేశాను. ఇప్పటికీ అదే కరెక్ట్ అనుకుంటున్నాను. బ్యాంకు అకౌంటు నంబరు వేయమని కొందరన్నారు. దాని బదులు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇదీ ఒకటని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉండి జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు నెలకు 15,000 పింఛను వస్తుందని చివర్లో వేశాం.

అసలు టెన్షన్ అంతా బాబు అక్క విషయంలో వచ్చింది. ఈ జబ్బు మాట ఎత్తగానే మా వైపు అడిగే మొదటి ప్రశ్న "మేనరికమా?" అని. వీళ్లది మేనరికం కాదు, ఈ జబ్బుకి మేనరికంతో పనీ లేదు. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి క్యారియర్ అయితే, అంటే జబ్బు పెద్దగా బయటపడకుండానే ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం, ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం సగం సగం. తల్లిలో ఏ లోపమూ లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టే కేసులూ మూడింట ఒక వంతు దాకా ఉంటాయి. ఇవన్నీ డాక్టరు చెప్తుంటే రికార్డు చేశాను, బాగా వచ్చింది. కానీ ఇంటర్ చదివే ఆ అమ్మాయి పక్కనే ఫ్రేములో ఉంటే, రేపు సంబంధాలు చూసేవాళ్లు ఏమనుకుంటారు? పరీక్ష చేయించుకోవాలో వద్దో పద్దెనిమిదేళ్లు నిండాక తనే తేల్చుకుంటుందని డాక్టర్లే చెప్పారు. అలాంటప్పుడు నా వీడియో ముందే తేల్చేయడమేంటి?

వాళ్లమ్మ "అమ్మాయి ఎక్కడా కనపడకూడదు తమ్ముడూ" అంది. అలాగైతే వీడియోలో పసే ఉండదు. రోజూ సాయంత్రం వాడి పాదాలు పట్టుకుని పిక్కలు సాగదీసేది ఆ పిల్లే. నేను ఆ అమ్మాయినే అడిగాను. "చేతులు తీయండి అన్నయ్యా, మొహం వద్దు. ఉండండి, గాజులు మార్చుకొస్తా, ఇవి కాలేజీలో అందరికీ తెలుసు" అంది. అలాగే తీశాం. వంశపారంపర్యం గురించి డాక్టరు మాటలకు ఆ ఇంటి మనుషులెవర్నీ చూపించకుండా, కాగితం మీద గీసిన బొమ్మ వాడాను.

సెప్టెంబరు 7 ప్రపంచ డుషేన్ అవగాహన దినం. డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీకి సూచనలుండే ముక్కలు) ఉంటాయి కాబట్టి తొమ్మిదో నెల ఏడో తేదీ పెట్టారు. ఆ వారంలోనే ఒక స్కూల్లో టీచర్లకు, అంగన్‌వాడీ వాళ్లకు వేశాం. ప్రొజెక్టరు రెండుసార్లు ఆగింది, మామూలే. అయిపోయాక ఒక అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి, ఆ నేల మీంచి లేచే ముక్క మళ్లీ వేయమన్నారు. చూసి, "మా సెంటర్లో ఒకడు అచ్చం ఇలాగే లేస్తాడండీ. వాళ్లమ్మకి ఎలా చెప్పను?" అన్నారు.

వెనక బెంచీలో కూర్చున్న బాబు వాళ్లమ్మ లేచి, ఏ ఊరని అడిగింది. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లారు.