టీబీ ఉన్న ఇంటికి ఆరు నెలల సరుకులు

పేద కుటుంబాలకు నెలనెలా సరుకులు ఇద్దామనుకునేవాళ్లు చాలామంది బియ్యం బస్తాతో మొదలుపెడతారు. కానీ కార్డున్న ఇంటికి బియ్యం ఎలాగూ వస్తున్నాయి. ఆంధ్రాలో మనిషికి 5 కిలోలు, తెలంగాణలో 6 కిలోలు, పైసా కట్టకుండా. ఆ వంటింట్లో కొరత పప్పుకి, నూనెకి, గుడ్డుకి. ఆ కొరత ప్రాణం మీదికి తెచ్చేది టీబీ వచ్చిన ఇంట్లో. ఎవరికి ఇవ్వాలో తేలక ఆగినవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. అందుకు ప్రభుత్వం 2022 సెప్టెంబరులోనే ఒక దారి వేసింది, నిక్షయ్ మిత్ర అని, టీబీ రోగులకు దాతలు నెలనెలా సరుకులు ఇచ్చే పథకం.

ఒక మనిషి, పది మంది స్నేహితులు, వర్తక సంఘం, కంపెనీ, ఎవరైనా మిత్రగా చేరొచ్చు. నిక్షయ్ పోర్టల్లో (టీబీ కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్) జిల్లా, ఎంతమంది రోగులకు, ఎన్నాళ్లు ఇస్తారు అన్నవి నింపాలి. కనీసం ఆరు నెలలు ఒప్పుకోవాలి, మందుల కోర్సు మామూలుగా అంతే కాబట్టి. ప్రభుత్వానికి డబ్బు కట్టేదేమీ లేదు, సరుకులు మనమే కొని ఇవ్వాలి. నమోదు చేసి ఫోన్ వస్తుందిలే అని కూర్చోకండి. జిల్లా టీబీ అధికారి ఆఫీసుకి మనమే వెళ్తే, ఆ మండలాలు చూసే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ (అందరూ ఎస్‌టీఎస్ అంటారు) నంబరు ఇస్తారు. అసలు పని జరిగేది ఎస్‌టీఎస్, ఆశా వర్కర్ల ద్వారానే. రోగి ఒప్పుకుంటేనే వివరాలు మన చేతికి వస్తాయి. వద్దన్నవాళ్లని బతిమాలకూడదు.

కేంద్రం సూచించిన నెల కిట్ పెద్దవాళ్లకైతే ఇది: బియ్యం లేదా చిరుధాన్యాలు 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె 250 గ్రాములు, పాలపొడి లేదా పల్లీలు 1 కిలో. వీలైతే 30 గుడ్లు. పల్లీలతో, గుడ్లతో కలిపి లెక్కేస్తే ఈ మధ్య ధరల్లో 700 నుంచి 800 రూపాయల్లో తేలుతుంది. ఆరు నెలలకి ఐదు వేల లోపే.

ఈ కిట్‌లో ఉన్న చిక్కు కాగితం మీద కనపడదు. ఇది ఒక్క మనిషికి కట్టిన కిట్, వెళ్లేది నలుగురున్న ఇంటికి. కిలోన్నర కందిపప్పు ఒక మనిషికి రోజుకి 50 గ్రాములు, నలుగురికి పంచితే పన్నెండున్నర. ఏ ఇల్లాలూ మొగుడికి గట్టి పప్పు పోసి పిల్లలకి కట్టు పోయదు. పొయ్యకూడదు కూడా. అందుకే కిట్ రోగికి కాదు, ఇంటికి కట్టాలి.

దీనికి గట్టి ఆధారమే ఉంది. జార్ఖండ్‌లో ‘రేషన్స్’ అనే పేరుతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2023 ఆగస్టులో వచ్చాయి. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది. రోగులందరికీ కిట్ ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం మిగతా కుటుంబానికీ ఇచ్చారు, ఒక్కో పెద్ద మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2024లో కేంద్రం కూడా ఈ పథకాన్ని రోగి కుటుంబ సభ్యులకి వర్తింపజేసింది. ఇంకా రోగి ఒక్కడికే సంచి కట్టి ఇస్తున్నవాళ్లు ఇది గమనించాలి.

మన ఇళ్లకి లెక్క ఇలా. రోగి, భార్య, తల్లి, ఎనిమిదేళ్ల పిల్ల ఉన్నారనుకోండి. రేషన్ బియ్యం సక్రమంగా అందుతుంటే మనం బియ్యం మానేసి ఆ డబ్బు పప్పులోకి మళ్లించొచ్చు. పెద్దవాళ్లు ముగ్గురికి కిలోన్నర చొప్పున, పిల్లకి ముప్పావు కిలో, మొత్తం ఐదుంపావు కిలోలు. అంతా కందిపప్పే అక్కర్లేదు, సగం పెసర, శనగ, అలసందలు పెడితే ఖర్చు దిగుతుంది. నూనె లీటరు. పల్లీలు రెండు కిలోలు. గుడ్లు రోగికి రోజుకొకటి, పిల్లకొకటి. కార్డు లేని ఇల్లయితే, ముఖ్యంగా పనికోసం వచ్చి షెడ్లలో ఉండేవాళ్లకి, బియ్యం కూడా పెట్టాలి. వాళ్లకి సొంత రాష్ట్రం కార్డు ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనే బియ్యం తీసుకోవచ్చని చెప్పండి, ఆ సంగతి తెలియనివాళ్లు ఎందరో.

ఆ జార్ఖండ్ కిట్‌లో రోగికి నెలకి మూడు కిలోల వేయించిన శనగపిండి ఉంది. మన వంటింట్లో దానికి సమానం పుట్నాల పప్పే. పొడి కొట్టి డబ్బాలో పోసిస్తే అన్నంలో కలుపుకుంటారు. నోరు సహించనప్పుడు పప్పన్నం కంటే ఇదే ముందు లోపలికి పోతుంది. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దు. ఒక డబ్బా ధరకి నెలకి సరిపడా గుడ్లూ పల్లీలూ వస్తాయి. బెల్లం కలిపిన లడ్డూలు ఇచ్చేముందు షుగర్ ఉందేమో అడగండి. టీబీ, షుగర్ కలిసే ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని. విడి కందిపప్పు మరీ చవగ్గా దొరికితే గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడండి. కంది బద్ద గుండ్రంగా ఉంటుంది. కేసరి పప్పు కలిసిందంటే ఒక పక్క ఏటవాలుగా, చతురస్రంలా ఉన్న బద్దలు తగులుతాయి. అది కాళ్లు పడగొట్టే పప్పు. వానాకాలం పల్లీలు నెలకి మించి నిల్వ పెట్టొద్దు, ముడతలు పడ్డవి, పచ్చటి బూజు పట్టినవి కనపడితే ఆ బస్తా మొత్తం వాపసు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు ఉండాలి. చూడ్డానికి లీటరు ప్యాకెట్లానే ఉండి అంతకన్నా తక్కువ తూగేవి షాపుల్లో ఉన్నాయి, గ్రాములు చదివి కొనండి. ఇక గుడ్లు: ఫ్రిజ్ లేని ఇంటికి ఎండాకాలంలో ముప్పై గుడ్ల అట్ట ఒకేసారి ఇస్తే సగం పాడవుతాయి. వీధిలోని కిరాణా షాపుకి ముందే డబ్బిచ్చి, వారానికి ఇన్ని అని చీటీ రాసిస్తే సరిపోతుంది. చీటీ మీద టీబీ అన్న మాట ఉండకూడదు.

ఎప్పుడు ఇస్తామన్నది ఎంత ఇస్తామన్నంత ముఖ్యం. అదే అధ్యయనంలో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు 61 శాతం తక్కువ కనిపించింది. 42 కిలోల మనిషి రెండు నెలలకి 44కి చేరాలన్నమాట. నమోదుకీ మొదటి కిట్‌కీ మధ్య నెలన్నర జారిపోయిందంటే అసలు కాలం కరిగిపోయినట్టే. అందుకే రోగి పేరు ఖాయం కాకముందే సరుకు సిద్ధంగా పెట్టుకోండి, మందులు మొదలైన వారంలోపు మొదటి కిట్ చేరాలి. ప్రతి నెలా బరువు ఎంతుందో ఆశా వర్కర్‌ని అడిగి రాసుకోండి. తింటున్నా పెరగకపోతే మందులు సరిగా పడుతున్నాయో లేదో డాక్టరు చూడాలి. ఎముకల గూడులా మారి, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 14 కంటే తక్కువ ఉన్న మనిషికి మన సంచి సరిపోదు, ఆస్పత్రిలో చేర్చాల్సిన కేసు అది.

ప్రభుత్వం నుంచి రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకి 1,000 రూపాయలు వస్తాయి. మొదటి మూడు వేలు మొదట్లోనే, మిగతా మూడు వేలు 84 రోజుల చికిత్స పూర్తయ్యాక. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు లేక ఆగిపోయినవి చాలా ఉంటాయి. కిట్ ఇచ్చేటప్పుడు "ఏమ్మా, పైసలు పడ్డాయా?" అని ఒక మాట అడిగితే ఆ చిక్కు ముందే బయటపడుతుంది.

ఫొటోల విషయం. బ్యానర్ కట్టిన ఆటో గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో ఏముందో వీధంతటికీ తెలిసిపోతుంది. పెళ్లి కావాల్సిన ఆడపిల్లయితే ఇక చెప్పక్కర్లేదు. మందులకి వచ్చిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మామూలు కిరాణా సంచిలో అందించడం మేలు. దాతలకి లెక్క చూపాలంటే బిల్లులు, సరుకుల ఫొటో చాలు. మనుషుల ఫొటో అక్కర్లేదు.

విదేశాల నుంచి పంపేవాళ్లకి ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన డబ్బు ఇక్కడి ట్రస్టుకి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు, వేరే దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లది విదేశీ విరాళమే, తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (అందరూ 80జీ అనేది) కావాలంటే డబ్బు రూపంలో, అదీ 2,000 దాటితే నగదు కాకుండా, ట్రస్టుకి ఇవ్వాలి. సరుకులుగా ఇస్తే మినహాయింపు రాదు.

ఈ పని మధ్యలో ఎక్కువగా దెబ్బతినేది మూడో నెల తర్వాత. మందులతో కాస్త తేరుకోగానే కూలిపనికి వేరే ఊరు వెళ్లిపోతారు, మిర్చి కోతలకి, భవనాల పనికి. సంచి తాళం వేసిన ఇంటి ముందు తిరిగొస్తుంది. వెళ్లేముందు ఎస్‌టీఎస్‌కి చెప్పమనండి, నిక్షయ్ ఐడీ (రోగి నమోదు నంబరు) మీద మందులు కొత్త ఊరి పీహెచ్‌సీకి మారతాయి. కిట్ మాత్రం దానంతట అది మారదు. ఆ రెండు మూడు నెలల డబ్బు అక్కడి కిరాణా షాపుకి ఫోన్‌పేలో కొట్టి, చీటీ పద్ధతే అక్కడా నడిపించాలి. ఇంటి దగ్గర మిగిలిన తల్లీపిల్లల వాటా ఆపొద్దు.