తిట్టిన తర్వాతి చరణం

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ‘ఎవరబ్బ సొమ్మని’ దగ్గరికి రాగానే భజనలో అందరికీ హుషారొస్తుంది. చిడతలు వేగం అందుకుంటాయి, వెనక వరసలో నవ్వులు. దేవుణ్ణి తిట్టడమంటే అంత సరదా మరి! ఆ ఊపులోనే మంగళం ఎత్తుకుంటారు. తిట్టు అయ్యాక వచ్చే చరణం గాలికి పోతుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ కీర్తన కట్టిన గోపన్న, అదే మన భద్రాచల రామదాసు, పాల్వంచ పరగణా తహసీల్దారు. లెక్క అప్పజెప్పడం ఆయన ఉద్యోగం. శిస్తు సొమ్ము రాముడి గుడికి ఖర్చుపెట్టి, సుల్తాను తానీషాకి ఒప్పజెప్పలేని లెక్కని గోల్కొండ చెరలో కూర్చుని రాముడికి ఒప్పజెప్పాడు. ప్రాకారాలకి పదివేల వరహాలు. భరతుడి పచ్చల పతకానికి పదివేలు, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకి పదివేల మొహరీలు. సీతమ్మ చింతాకు పతకం, లక్ష్మణుడి ముత్యాల పతకం, ఏదీ వదల్లేదు. ఒక్క స్వామి తలమీది నగ, కలికితురాయికి మాత్రం వెల చెప్పడు, గమనించారా? అక్కడికి వచ్చేసరికి లెక్క తప్పి కోపం తన్నుకొచ్చింది. మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని నిలదీశాడు.

ఆ వెంటనే, ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అంటాడు. ఈ దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా అంటాడు. దెబ్బలు తింటున్నది తను. ఒళ్ళంతా వాతలు తేలి ఉంటాయి. ఆ స్థితిలో ఆయన దిగులు, రాముడి మనసు ఎక్కడ నొచ్చుకుందోనని! జ్వరం వచ్చిన పిల్లాడు అమ్మ చెయ్యి విసిరికొట్టి, మళ్ళీ ఆ చెయ్యే వెతుక్కుంటాడు చూడండి, అలా. తిట్టడానికేం, కోరింది జరక్కపోతే మనమూ తిడతాం. తిట్టాక దేవుడికి కష్టం కలిగిందేమోనని ఏ రోజైనా నిద్ర పట్టక దొర్లామా?

ఇంకో కీర్తనలో సీతమ్మని సిఫార్సు అడుగుతాడు. అదీ ఎప్పుడు? ఏకాంతంలో ఉన్నప్పుడు, వేళ చూసి మెల్లగా చెప్పమ్మా అని. ఇంటి మనిషికి తప్ప ఆ చనువు రాదు. అంత తిట్టు తిన్న స్వామి కూడా తక్కువ వాడా, రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని తమ్ముడితో సహా తానీషా దగ్గరికి వెళ్ళి గోపన్న 6 లక్షల బాకీ కట్టి, రసీదు కూడా పుచ్చుకున్నాడు.

మా నాయనమ్మకి ఈ ‘ఇక్ష్వాకు కులతిలక’ యదుకుల కాంభోజి రాగమని తెలీదు. తాళం కూడా అప్పుడప్పుడు తప్పేది. కానీ ఆ చరణం రాగానే చిడతలు ఒళ్ళో పెట్టేసుకుని, గొంతు తగ్గించి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు అనేది. ఎందుకలా అని అడిగితే, “తిట్టాక బతిమాలుకోవద్దూ?” అంది.

ఇప్పుడేమో మైకు సెట్టు పెద్దది, వీడియో తీసే ఫోన్లు నాలుగు, పాడేవాళ్ళ కళ్ళు కెమెరా మీద. గంటలో ఎన్ని పాటలు లాగించామన్నదే లెక్క. బాబ్బాబు, వచ్చే శనివారం రెండు పాటలు తగ్గినా పర్వాలేదు, ఈ కీర్తన చివరిదాకా పాడండి. ఆ చరణానికి ముందు డోలక్ అబ్బాయికి ఒక్క సైగ చేస్తే కాసేపు చెయ్యి ఆపుతాడు.