మంచం పట్టిన ఎముకలకి పాలు పడితే సరిపోదు

ఎవరికైనా కాలో నడుమో విరిగి మంచాన పడ్డారంటే చూడ్డానికొచ్చే వాళ్ళందరూ చెప్పే సలహా ఒకటే, పాలు బాగా పట్టండి, కాల్షియం మాత్రలు వెయ్యండి, ఎముక గట్టిపడుతుంది అని. నేను ఫిజియోథెరపిస్టుని, ఈ మాట వినని వారం ఉండదు నాకు. చెప్పేవాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ వారాల తరబడి కదలకుండా పడుకున్న మనిషి ఒంట్లో కాల్షియం వ్యవహారం దాదాపు దీనికి తలకిందులుగా నడుస్తుంది. కాల్షియం అందక కాదు ఆ ఎముక పల్చబడేది, ఉన్న కాల్షియాన్ని అదే వదిలేస్తోంది, అలా వదిలేసింది రక్తంలోకి చేరుతుంది, అక్కణ్ణించి కిడ్నీల మీద పడుతుంది. ఇక పైనుంచి మనం ఇంకో రెండు మాత్రలు వేస్తాం.

ఎముక ఎందుకు వదిలేస్తుంది అంటే, ఎముకలో రెండు రకాల పనివాళ్ళు పుట్టినప్పట్నుంచి చచ్చేదాకా పనిచేస్తూనే ఉంటారు, పాత ఎముకని తవ్వేసే ఆస్టియోక్లాస్టులు, ఆ గుంటలో కొత్తది పోసే ఆస్టియోబ్లాస్టులు. వీళ్ళమీద మేస్త్రీ ఒకడున్నాడు, ఆస్టియోసైట్ అని, ఎముక లోపల చిన్న చిన్న గూళ్ళలో కూరుకుపోయి ఉంటాడు. మనం అడుగు వేసినప్పుడల్లా ఎముక కంటికి కనపడనంత కొంచెం వంగుతుంది, లోపలి సన్నటి కాలవల్లో ద్రవం కదులుతుంది, ఆ కదలికని బట్టి ఇక్కడ బరువు పడుతోందా లేదా అని వీడికి తెలుస్తుంది. బరువు పడట్లేదనుకోండి, స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా వదులుతాడు, దాంతో కొత్త ఎముక పోసేవాళ్ళ పని మందగిస్తుంది, ఇంకోపక్క రాంక్‌ఎల్ అనే ఇంకో సిగ్నల్ పెరిగి తవ్వేవాళ్ళు రెచ్చిపోతారు. అంటే ఒకేసారి తవ్వకం ఎక్కువ, పోత తక్కువ.

వాడకాన్ని బట్టే ఎముక తన ఆకారం మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు, దాన్నే ఇప్పటికీ వోల్ఫ్ నియమం అంటాం. చిన్నప్పట్నుంచి టెన్నిస్ ఆడేవాళ్ళకి రాకెట్ పట్టుకునే చేతి ఎముక రెండో చేతికన్నా లావుగా ఉంటుంది, తినే తిండీ తాగే పాలూ రెండు చేతులకీ ఒకటే కదా. రోదసిలో తేలుతూ ఉండే ఆస్ట్రోనాట్లకి తుంటి ఎముకలో నెలకి సుమారు 1 నుంచి 1.5 శాతం పోతుంది, మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి దాదాపు ఏడాదిలో పోయేంత అది. అందుకే అంతరిక్ష కేంద్రంలో రోజూ రెండు గంటలకి పైగా వ్యాయామానికే కేటాయిస్తారు. వాళ్ళకి తిండిలో లోటేం ఉండదు, కాళ్ళమీద బరువే ఉండదు. వీటన్నిట్లో నాకు భలే ముచ్చటేసేది మాత్రం ఎలుగుబంటి, చలికాలం నెలల తరబడి గుహలో పడుకుని, తినకుండా తాగకుండా కనీసం మూత్రం కూడా పోయకుండా ఉండి, మళ్ళీ ఎండలు రాగానే లేచి నడిచిపోతుంది, ఎముక ఏం తగ్గదు. దాని ఒంట్లో తవ్వకమూ పోతా రెండూ కలిసి నెమ్మదిస్తాయి. మనకా సౌకర్యం లేదు.

సరే లెక్కలోకి వద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో కాల్షియం మొత్తం కిలో చిల్లర ఉంటుంది, అందులో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ, రక్తంలో తిరిగేది చిటికెడు. ఆ చిటికెడు మాత్రం చాలా పట్టింపుగా 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య, డెసిలీటరుకి, ఉండాలి, గుండె కొట్టుకోవాలన్నా కండ బిగుసుకోవాలన్నా నరం పనిచెయ్యాలన్నా అదే కావాలి. మామూలుగా రక్తంలో కాల్షియం తగ్గితే మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోను వదిలి ఎముకనుంచి కొంత తెప్పిస్తాయి, కిడ్నీ ద్వారా విటమిన్ డిని చురుగ్గా మార్పించి పేగులోంచి ఇంకొంత లాగిస్తాయి. మంచాన పడ్డ మనిషిలో ఏమవుతుందంటే, ఎవరూ అడక్కుండానే ఎముక కాల్షియం పంపిస్తోంది కాబట్టి పీటీహెచ్ పడిపోతుంది, అది పడిపోయేసరికి చురుకైన విటమిన్ డి తగ్గుతుంది, అది తగ్గేసరికి పేగు కాల్షియం పీల్చడం తగ్గించేస్తుంది. పాలల్లోదీ మాత్రల్లోదీ చాలామటుకు విరేచనంలో పోతుంది, పోనిది కిడ్నీల మీద ఇంకో భారం. ఖాళీ చేస్తున్న గోడౌన్‌కి కొత్త సరుకు పంపినట్టు, దింపుకునేవాడే ఉండడు అక్కడ.

దీన్ని మనుషుల మీద పక్కాగా కొలిచి చూసింది 1948లో. అమెరికాలో డైట్రిక్, వీడన్, షోర్ అనే డాక్టర్లు ఏ జబ్బూ లేని నలుగురు కుర్రాళ్ళని నడుము నుంచి కాలివేళ్ళ దాకా ప్లాస్టర్ వేసి ఆరేడు వారాలు మంచం మీద ఉంచారు, తిన్నదీ పోయిందీ అంతా తూచారు. కొన్ని వారాల్లోనే మూత్రంలో కాల్షియం రెండు మూడింతలైంది. ఇవాళ ఎవరూ అలాంటి ప్రయోగానికి ఊరికే ఒప్పుకోరు గానీ, వాళ్ళు చూపించింది ఇప్పటికీ నిలబడే ఉంది: ఎముక కరగడం మొదలవ్వడానికి జబ్బేం అక్కర్లేదు, పడుకోబెడితే చాలు. మొదటి వారంలోనే మూత్రంలో తేడా మొదలవుతుంది, ఐదారు వారాలకి పతాకస్థాయికి వెళ్తుంది. కిడ్నీ బాగుంటే అదంతా బయటికి తోసేస్తుంది కాబట్టి చాలామందికి రక్తం రిపోర్టులో ఏమీ కనపడదు, కాకపోతే పడుకునే ఉండటం, నీళ్ళు తక్కువ తాగటం, మూత్రంలో ఇంత కాల్షియం, వీటికి తోడు మూత్రం పైపు వల్ల ఇన్ఫెక్షన్ ఉంటే రాళ్ళు తయారవ్వడానికి ఇంకేం కావాలి.

కొంతమందిలో మాత్రం ఎముక పంపేది కిడ్నీ తోసేసేదాన్ని మించిపోతుంది, అప్పుడు రక్తంలో కాల్షియం ఎక్కేస్తుంది. ముఖ్యంగా ఎదిగే వయసు పిల్లలు, పద్దెనిమిది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, ఎందుకంటే వాళ్ళ ఎముకలో పని మామూలుగానే జోరు మీద ఉంటుంది. తర్వాత ఎముకలో ఈ తవ్వకం, పోత అదుపు తప్పే పాజెట్ జబ్బు ఉన్నవాళ్ళు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు. వెన్నుపూస దెబ్బ తగిలి కాళ్ళు చచ్చుబడిన కుర్రాళ్ళలో ఇది ఎక్కువ చూస్తాం, సాధారణంగా నెలా నెలన్నర తర్వాత బయటపడుతుంది, ఇంకా ముందూ రావచ్చు నెలలు ఆగీ రావచ్చు. ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే పెద్దాయన 1941లోనే ఎముక విరిగి కదలకుండా ఉంచిన ఒక కుర్రాడిలో దీన్ని చూసి, అచ్చం పారాథైరాయిడ్ జబ్బులా కనిపిస్తుందని రాశాడు.

నేను దగ్గర్నుంచి చూసిన ఒక పిల్లాడి సంగతి చెప్తాను. పదో తరగతి వయసు, ఎత్తు మీంచి పడి వెన్నుపూస దెబ్బతింది, నడుం కింద కదలిక లేదు. మొదట్లో మాతో బాగా సహకరించేవాడు, జోకులేసేవాడు, రెండో నెలలో ఉన్నట్టుండి మంచానికి మొహం తిప్పేసుకున్నాడు. అన్నం చూస్తే వికారం, మనిషిని కట్టి మెల్లగా నిలువుగా లేపే టిల్ట్ టేబుల్ మీద కొంచెం లేపగానే వాంతి, మలబద్ధకం, ఏం అడిగినా ఊ అనడం కూడా లేదు. వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి, మేడం, వీడికి ఇక నడవలేనని అర్థమైపోయినట్టుంది, మీరు కాస్త ధైర్యం చెప్పండి అంది. వార్డులో అందరిదీ అదే మాట, పిల్లాడు దిగులు పెట్టుకున్నాడు, కౌన్సెలింగ్ కావాలి అని. ఆ దిగులు ఉండదని కాదు, అంత దెబ్బ తగిలిన పిల్లాడికి ఉండకుండా ఎలా ఉంటుంది. కానీ ఆవిడ మాట్లాడుతూనే వంగి యూరిన్ బ్యాగ్ ఖాళీ చేస్తోంది, పొద్దున్నించి ఎన్నిసార్లు తియ్యాలో మేడం, నీళ్ళు ఒకటే తాగుతున్నాడు అంది. బ్యాగులో చూస్తే నీళ్ళలా తెల్లగా ఉంది. దిగులుతో ఉన్న మనిషి అన్నం మానేస్తాడు గానీ సీసాలకి సీసాలు నీళ్ళు తాగి బ్యాగులకి బ్యాగులు నింపడు కదా.

రక్తంలో కాల్షియం ఎక్కితే దాహమూ మూత్రమూ ఇలాగే పెరుగుతాయి. డ్యూటీ డాక్టర్‌కి చెప్తే వెంటనే కాల్షియం పరీక్షకి రక్తం పంపించారు. రిపోర్టులో 12.4 వచ్చింది, అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ 3. ఇక్కడ ఒక చిన్న లెక్కుంది, రక్తంలో కాల్షియంలో సగానికి కొంచెం తక్కువ అల్బుమిన్‌ని అంటిపెట్టుకుని తిరుగుతుంది, మంచాన పడి సరిగ్గా తినని వాళ్ళకి అల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి రిపోర్టులో అంకె అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. అల్బుమిన్ 4 కన్నా ఒక్కో గ్రాము తగ్గినదానికి 0.8 కలుపుకోవాలి, అంటే ఈ పిల్లాడిది అసలు 13.2. ఐయొనైజ్డ్ కాల్షియం, అంటే దేన్నీ అంటిపెట్టుకోకుండా విడిగా తిరిగే కాల్షియం, పరీక్ష చేయించగలిగితే ఈ కూడికలతో పనిలేదు. పీటీహెచ్ బాగా అడుగున ఉంది. పీటీహెచ్ ఎక్కువుంటే మెడలో గ్రంథిని అనుమానించాలి, అణిగి ఉందంటే కాల్షియం ఇంకెక్కణ్ణించో వస్తోందని, అప్పుడు కేన్సర్ లాంటివీ, విటమిన్ డి ఎక్కువైపోవడం లాంటివీ లేవని చూసుకున్నాకే కదలక వచ్చిందని తేలుస్తారు. సెలైన్ బాగా ఎక్కించారు, బలానికని రోజూ ఇస్తున్న కాల్షియం మాత్రా విటమిన్ డీ ఆపించారు, తర్వాత పామిడ్రోనేట్ డ్రిప్ పెట్టారు, అది తవ్వే కణాల్ని అణిచే మందు, పనిచెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వాంతులు తగ్గాయి. ఆ వారం చివరికి, ఫోన్‌లో చార్జింగ్ ఎవరు అయిపోగొట్టారని వాళ్ళ చెల్లితో పోట్లాట పెట్టుకున్నాడు, వాళ్ళమ్మకి అంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇది చదివి ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఎవరికివారు తీసి పారెయ్యకండి మళ్ళీ. చెయ్యి విరిగి కట్టుతో ఇల్లంతా తిరిగేవాళ్ళకి ఈ గోల లేదు. పెద్దవయసు, ముందే ఎముకలు గుల్లైపోయినవాళ్ళు, విటమిన్ డి బాగా తక్కువున్నవాళ్ళు, వీళ్ళకి డాక్టరు చూసి ఇచ్చే కాల్షియానికి లెక్క వేరు, పామిడ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆసిడ్ లాంటివి ఎక్కించాక కాల్షియం మరీ కిందకి జారిపోయే ప్రమాదం కూడా ఉంది. నేననేది ఏంటంటే, కదల్లేని మనిషికి పరీక్ష చెయ్యకుండా బలానికి అని వేసే మాత్ర వద్దు, అంతే. బీపీకి వాడే థయజైడ్ రకం మాత్రలు మూత్రంలో కాల్షియం పోనివ్వవు, కొన్ని గ్యాస్ మాత్రల్లో ఉండేదే కాల్షియం కార్బొనేట్, వారానికోసారి వేసే పెద్ద డోసు విటమిన్ డి, మల్టీవిటమిన్, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి, ఒక్కోటి ఒక్కో డాక్టరు రాసి ఉంటారు, మొత్తం కలిపి ఎవరూ చూసి ఉండరు.

మరి ఎముకకి ఏం చెయ్యాలి అంటే బరువు పెట్టాలి, ఎంత తొందరగా డాక్టర్ ఒప్పుకుంటే అంత తొందరగా. మేం పడుకోబెట్టి కాళ్ళు వంచి చాపి చేయిస్తాం చూడండి, అది కీళ్ళు బిగుసుకోకుండా ఉండటానికి, ఎముకకి దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. కుర్చీలో కూర్చోబెట్టడం ఊపిరితిత్తులకి మంచిది, వెన్నుకి కొంత, తొడ ఎముకకి బరువు పడదు. నిలబడాలి. నిలబడగలిగే పరిస్థితి ఉన్న ఏ పేషెంటునైనా ఇంకో వారం రెస్టు తీసుకోనివ్వండి మేడం అంటే నాకు చిరాకు అందుకే. వెన్నుపూస దెబ్బ తగిలినవాళ్ళ విషయంలో మాత్రం అబద్ధం చెప్పను, టిల్ట్ టేబుల్, స్టాండింగ్ ఫ్రేమ్ వల్ల ఎముక ఎంత నిలుస్తుందన్నది పరిశోధనల్లో ఒక్క తీరుగా రాలేదు, కరెంటుతో కండరాల్ని కదిలించి సైకిల్ తొక్కించే పద్ధతి కొంత మేలు చేస్తుంది గానీ ఆపేస్తే వచ్చింది పోతుంది. మామూలుగా లేచి నడిచేవాళ్ళకి ఎముక తిరిగొస్తుంది, కాకపోతే పోయినంత స్పీడుగా రాదు, నెలల్లో పోయింది ఏళ్ళు పట్టచ్చు, ఒక్కోసారి పూర్తిగా రాదు.

ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందనుకోకండి, సుమారు 30 శాతం పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో పలచన తెలియదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో కూడా నడుమూ తుంటీ చూస్తారు, వెన్నుపూస దెబ్బ ఉన్నవాళ్ళకి నడుము అంకె బాగానే రావచ్చు, ఎక్కువ గుల్లయ్యేది మోకాలి చుట్టూ, తొడ ఎముక కింది కొసా పిక్క ఎముక పై కొసా. విరిగేవి కూడా అక్కడే, అదీ పెద్ద దెబ్బ తగిలి కాదు, మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కాలు కింద మెలిపడో, ప్యాంటు తొడుగుతూ లాగితేనో విరుగుతుంది. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి మోకాలి కింద, ఒక చెయ్యి మడమ కింద పెట్టండి, పాదం పట్టుకుని తిప్పకండి. వీళ్ళకి కాళ్ళలో స్పర్శ ఉండదు కాబట్టి విరిగినా నొప్పని చెప్పరు, మోకాలి దగ్గర వాపో, వేడో, ఎర్రదనమో, జ్వరమో, కాళ్ళు ముందుకన్నా ఎక్కువ బిగుసుకుని కొట్టుకోవడమో కనిపిస్తుంది. వాపు అనగానే రక్తం గడ్డకట్టిందేమోనని రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ రాస్తారు, రాయాల్సిందే, దాంతోపాటే ఎక్స్‌రే కూడా తీయించమని అడగండి.