చెడిన బీరు అడుగున మిగిలిన ఈస్టు

ఇంట్లో బీరు పులియబెట్టిన పద్దెనిమిదవ రోజున డబ్బా మూత తీసి చూసేసరికి బీరు మీద తెల్లని పలుచని తెట్టె ముడతలు పడి ఉంది. రుచి చూస్తే పెరుగు తేట వంటి పులుపు నాలుకకు తగిలింది. బ్యాక్టీరియాను అడ్డుకునే చేదు పూలైన హాప్స్ తక్కువ వేసి చేసిన బీరు కనుక, పులుపు పుట్టించే లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాకు అడ్డు లేకపోయిందని అనుకున్నాను. బీరును వెంటనే పారబోశాను గాని, అడుగున మీగడలా పేరుకున్న ఈస్టు మడ్డిని పారబోయడానికి మాత్రం మనసొప్పలేదు. అంతకుముందు మూడు విడతలు మంచి బీరు ఇచ్చిన ఈస్టు అది.

మరిగించి చల్లార్చిన నీటితో కడిగితే చాలదా అనిపించింది. చాలదు. అలా కడిగినప్పుడు హాప్స్ తుక్కు, ప్రోటీన్ ముద్దలు కొంతవరకు వేరవుతాయి. బ్యాక్టీరియాలో కొంత భాగం పై నీటితో పోయినా, మిగిలినది కొత్త వోర్ట్‌లోని (బీరుగా పులియబెట్టే తీపి ద్రవంలోని) చక్కెర అందగానే మళ్లీ పెరుగుతుంది.

ఇక మిగిలినది ఆమ్లంతో కడిగే పద్ధతి. చల్లని మడ్డిలో ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్‌ను 2.0 నుండి 2.2 మధ్యకు తెచ్చి, 4 డిగ్రీల సెల్సియస్‌కు మించని చలిలో రెండు గంటలకు లోపుగా ఉంచి, ఆలస్యం చేయకుండా వోర్ట్‌లో వేయాలి. బ్యాక్టీరియాలో చాలా భాగం దానికి చస్తుంది, బలహీనపడిన ఈస్టు కూడా కొంత నష్టపోతుంది. అయితే ఆ ఆమ్లాన్ని, మనం వేయకుండానే బీరులో చేరే అడవి ఈస్టు లెక్కచేయదు. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో బీరు చెడడానికి అడవి ఈస్టు కారణమని తేల్చి, ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచవలసి వచ్చింది. నా డబ్బాలోని తెట్టె బ్యాక్టీరియా కట్టినదో, బ్రెట్టనోమైసెస్ అనే అడవి ఈస్టు కట్టినదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. నా వద్ద సూక్ష్మదర్శిని లేదు.

11.5 గ్రాముల పొడి ఈస్టు పొట్లం ఒకటి సుమారు 20 లీటర్ల బీరుకు సరిపోతుంది. ఆ పొట్లాన్ని మిగుల్చుకోవడానికి మరో 20 లీటర్లను పణంగా పెట్టడం, నా పిసినారితనానికి కూడా, మరీ ఎక్కువే అనిపించింది.

మడ్డిని పారబోసి, గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాను, గొట్టాన్ని, కుళాయి రబ్బరు వాషరును మార్చాను. ఒక చిన్న సీసాడు మడ్డిని మాత్రం, కావాలనే పుల్లని బీరు చేయడానికి, పాత గొట్టంతో సహా వేరే గదిలో పెట్టాను. ఆ సీసా మీద ఎర్రని అక్షరాలతో పేరు రాసి ఉంది.