వేట నిషేధం రోజుల్లో చేపల జాబితా మరమ్మతు

ఏప్రిల్ 15

ఈ రోజు నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలు వేటకు వెళ్ళవు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కట్టేసి ఉన్నాయి. తెడ్ల పడవల వాళ్ళు తెచ్చే కాసిని చేపలు తప్ప ఒడ్డున బేరమే లేదు. అంటే మా మేనత్తకు నా యాప్‌లో రాసుకోవడానికి ధరలుండవు. యాప్‌ను విప్పి చక్కబెట్టడానికి ఇంతకంటే మంచి అదును దొరకదు.

యాప్ పేరు 'చేపల పద్దు'. ఇంట్లో వాడకానికే రాశాను, ప్లే స్టోర్‌లో పెట్టలేదు. పెదవాల్తేరులో ఉంటాం కాబట్టి అత్త వారానికి మూడు రోజులు పెదజాలారిపేట ఒడ్డుకు నడిచి వెళ్తుంది, ఆదివారం పూర్ణా మార్కెట్‌కు వెళ్తుంది. ఏ చేప ఎంతకు కొన్నదీ ఇదివరకు గోడ క్యాలెండరు మీద రాసేది, ఇప్పుడు ఫోనులో రాస్తోంది. రాసే పేజీతో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా సెట్టింగ్స్‌లో 'మొదట కనిపించే చేప' అని నేను పెట్టిన జాబితాతోనే. అందులో 23 పేర్లు, అక్షరక్రమంలో, సన్నటి అక్షరాల్లో ఉన్నాయి.

"నాకు కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది అబ్బాయ్" అంటుంది. నిజమే. ఆమె ఎక్కువగా కొనేవి సావళ్ళు, సూర. 'స' జాబితా చివర్లో వస్తుంది మరి.

ఏప్రిల్ 18

ముందు పాత తప్పొకటి దిద్దాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెర మీద ఇలాంటి జాబితాకు లిస్ట్‌ప్రిఫరెన్స్ వాడతాం. దానికి రెండు వరుసలు ఇవ్వాలి. ఎంట్రీస్ అనేవి కంటికి కనిపించే పేర్లు, ఎంట్రీవాల్యూస్ అనేవి ఫోను దాచుకునే విలువలు. నేను బద్ధకించి రెండింటికీ ఒకే వరుస ఇచ్చాను. 'కోనం' అని కనిపిస్తుంది, 'కోనం' అనే దాచుకుంటుంది. బాగానే నడిచింది, అత్త "కోనం కాదు, కోనాం" అని దిద్దేదాకా. దీర్ఘం పెట్టి కొత్త కూర్పు ఎక్కించగానే ఆమె ఎంచుకున్న చేప మాయమైంది. జాబితా తెరిస్తే ఏ పేరు పక్కనా చుక్క లేదు. దాచుకున్న పాత స్పెల్లింగు కొత్త వరుసలో ఎక్కడా లేదు కాబట్టి వెతికితే మైనస్ ఒకటి వస్తోంది. అంతే సంగతి.

పైగా నెల్లూరు నుంచి వచ్చిన మా వదిన ఇదే చేపను వంజరం అంటుంది. ఆమె ఫోనులో వంజరం అనే కనిపించాలి. అందుకని ప్రతి చేపకూ ఒక నంబరు ఇచ్చాను. కోనాం 101, చందువ 102, కానాగంతలు 103, నెత్తళ్ళు 104, ఇలా. నంబరుకు ఏ అర్థమూ ఉండకూడదని, ఒక చేపను తీసేసినా దాని నంబరు మరో చేపకు ఇవ్వకూడదని రెండు నియమాలు పెట్టుకున్నాను. పేరు ఎవరి ఇష్టం వాళ్ళది, లోపల నంబరు ఒక్కటే.

పాత విలువలను మార్చే చిన్న ఫంక్షన్ కూడా రాశాను. యాప్ మొదలవగానే పాత పేరు ఉందేమో చూసి, ఉంటే నంబరుగా మార్చి రాస్తుంది. సెట్టింగ్స్ తెర తెరుచుకోకముందే ఈ పని అయిపోవాలి.

ఏప్రిల్ 20

యాప్ తెరవగానే మూతపడింది. నంబర్లే కదా అని ముందు పేజీలో గెట్‌ఇంట్‌తో, అంటే అంకెగా, చదివాను. లిస్ట్‌ప్రిఫరెన్స్ ఏది దాచినా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే, దాస్తుంది, 101 అయినా సరే. గెట్‌స్ట్రింగ్‌తో చదివి, తర్వాత ఇంట్‌గా మార్చుకున్నాక నడిచింది. ఇది నాకు తెలిసిన సంగతే. అయినా గంట పోయింది.

ఏప్రిల్ 27

తరుగు జాబితా. చేపను శుభ్రం చేయించాక తల, రెక్కలు, పేగులు పోగా ఎంత పోతుందో అత్తకు ఒక అంచనా ఉంటుంది. దాన్ని బట్టి అసలు కిలో ధర లెక్క కట్టాలి. ఎంపికలు 20%, 25%, 30%, 35%. ఎంచుకున్నది శీర్షిక కింద చిన్న అక్షరాల్లో కనిపించాలని, మార్పు జరిగినప్పుడల్లా ఆ చిన్న అక్షరాలను రాసే సెట్‌సమ్మరీకి ఆ పేరే ఇచ్చాను. చేపల జాబితాలో పనిచేసింది, ఇక్కడ క్రాష్.

కారణం ఆ శాతం గుర్తు. లిస్ట్‌ప్రిఫరెన్స్ సమ్మరీని చూపించే ముందు స్ట్రింగ్ ఫార్మాట్‌లో వేస్తుంది, సమ్మరీలో %s అని రాస్తే ఆ చోట ఎంచుకున్న పేరు పెట్టడానికి. '25%' చివర ఒంటరిగా ఉన్న గుర్తును అది ఫార్మాట్ ఆదేశం అనుకుని, తర్వాత అక్షరం దొరక్క చేతులెత్తేస్తుంది. గుర్తును రెండుసార్లు రాస్తే సరిపోతుంది కానీ నాకు ఆ అతుకు నచ్చలేదు. అడిగినప్పుడల్లా సమ్మరీని తయారుచేసి ఇచ్చే సమ్మరీప్రొవైడర్ పెట్టాను. అది ఇచ్చిన మాటను ఫార్మాట్‌లో వేయరు. మామూలు జాబితాలకైతే ఎక్స్‌ఎంఎల్‌లో యూజ్‌సింపుల్‌సమ్మరీప్రొవైడర్‌ను ట్రూ చేస్తే చాలు, కోడ్ రాయనవసరం లేదు. ప్రొవైడర్ పెట్టాక మాత్రం పాత సెట్‌సమ్మరీ పిలుపులన్నీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా మళ్ళీ క్రాష్. నాకు ఒకటి మిగిలింది.

మే 4

అసలు పని ఈ రోజు మొదలైంది. ప్రతి వరుసలో పైన చేప పేరు పెద్దగా, కింద రెండో పేరూ, చివరిసారి కొన్న ధరా రావాలి. లిస్ట్‌ప్రిఫరెన్స్ తనంత తానుగా ఒక్క పంక్తి, ఒక రేడియో చుక్క మాత్రమే చూపిస్తుంది. కాబట్టి దాన్నుంచి చేపలజాబితా అనే క్లాసు (దాని గుణాలన్నీ తీసుకునే సొంత రకం) తీసి, డైలాగ్‌కు లిస్ట్‌ప్రిఫరెన్స్‌డైలాగ్‌ఫ్రాగ్‌మెంట్‌కాంపాట్ నుంచి మరో క్లాసు తీసి, అందులో ఆన్‌ప్రిపేర్‌డైలాగ్‌బిల్డర్‌లో వరుసలను తయారుచేసే నా అడాప్టర్ ఇచ్చాను.

నడిపి చూస్తే పాత జాబితానే వస్తోంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. సాయంత్రమంతా అడాప్టర్‌లో తప్పు వెతికాను. బయట ఉక్కపోత, లోపల అత్త ఆవకాయ ముక్కలు తుడుస్తూ "ఇంకా కాలేదా" అని పలకరింపు. తప్పు అడాప్టర్‌లో లేదు. ఏ ప్రిఫరెన్స్‌కు (సెట్టింగుకు) ఏ డైలాగ్ తెరవాలో నిర్ణయించేది సెట్టింగ్స్ తెరను నడిపే ఫ్రాగ్‌మెంట్‌లోని ఆన్‌డిస్‌ప్లేప్రిఫరెన్స్‌డైలాగ్. నా క్లాసు లిస్ట్‌ప్రిఫరెన్స్ పిల్లే కాబట్టి, అది చూసి 'ఓహో, మనదే' అని మామూలు డైలాగ్ తెరిచేస్తోంది. పూర్తిగా కొత్త రకమైతే కనీసం గొడవ చేసేది.

ఆ ఫంక్షన్‌ను తిరగరాసి, నా రకమైతే నా డైలాగ్, కాకపోతే సూపర్, అంటే తండ్రి క్లాసు పద్ధతే, అని పెట్టాను. ఇందులో మరిచిపోకూడనివి రెండు. డైలాగ్‌కు ఆర్గ్యుమెంట్స్‌లో ప్రిఫరెన్స్ కీ ఇవ్వాలి, సెట్‌టార్గెట్‌ఫ్రాగ్‌మెంట్ పిలవాలి. ఈ రెండోది పాతబడిన పద్ధతని ఎడిటర్ గీత కొట్టి చూపిస్తుంది. ఆ మాట విని తీసేశారా, డైలాగ్ తెరుచుకోకుండానే యాప్ మూతపడుతుంది. గీత ఉన్నా ఉంచాను.

మే 5

వరుసలు వచ్చాయి, నొక్కితే పలకడం లేదు. వరుసలో పెట్టిన రేడియో బటన్ స్పర్శను తనే మింగేస్తోంది. దాని క్లికబుల్, ఫోకసబుల్ రెండూ ఫాల్స్ చేశాక వరుస పలికింది. చుక్క మాత్రం పడలేదు. సొంత లేఅవుట్‌లో ఏది ఎంపికైందో ప్రతి వరుసనూ తయారుచేసే గెట్‌వ్యూలో మనమే చూసి చుక్క పెట్టాలి. తండ్రి క్లాసు గుర్తుపెట్టుకునే స్థానం మనకు అందదు కాబట్టి, నొక్కిన స్థానాన్ని నేనే ఒక చరరాశిలో ఉంచి, ఆన్‌డైలాగ్‌క్లోజ్డ్‌లో సెట్‌వాల్యూ చేస్తున్నాను.

మే 11

అత్త ఫోనులో అక్షరాలు అన్నిటికంటే పెద్ద సైజులో ఉంటాయి. నా వరుస ఎత్తు 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) అని బిగించి ఉంచాను. 'చందువ' బాగానే ఉంది, 'నెత్తళ్ళు' దగ్గర త వత్తు, ళ వత్తు రెండూ సగానికి తెగాయి. నేను ఇంగ్లిషు పేర్లతో పరీక్షించి మురిసిపోయాను. ఎత్తును కనీసం 56 డీపీ అని మార్చి, మిగతాది రాతను బట్టి పెరిగేలా వదిలాను. పంక్తుల మధ్య ఖాళీ తగ్గించడానికి ఇన్‌క్లూడ్‌ఫాంట్‌ప్యాడింగ్‌ను ఫాల్స్ చేసి ఉంచాను, అదీ తీసేశాను. తెలుగు యాప్ చేసేవాళ్ళు పరీక్షకు 'నెత్తళ్ళు' వాడుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

మే 18

"పచ్చి చేపలు లేవు సరే, ఎండువి ఏవి ఇందులో?" అంది అత్త. నిషేధం రోజుల్లో ఇంట్లో వండేది ఎండు నెత్తళ్ళు, ఎండు సావళ్ళే కదా. జాబితాను రెండు భాగాలు చేసి 'పచ్చివి', 'ఎండువి' అని శీర్షిక వరుసలు పెట్టాను. శీర్షికను నొక్కినా ఏమీ జరగకుండా అడాప్టర్‌లో ఈజ్‌ఎనేబుల్డ్ ఆ స్థానాలకు ఫాల్స్ ఇవ్వాలి.

పెట్టానో లేదో, కోనాం నొక్కితే చందువ ఎంపికైంది. శీర్షిక కూడా ఒక వరుసే కాబట్టి తెర మీద స్థానానికీ విలువల వరుసలో స్థానానికీ ఒకటి తేడా వచ్చింది. ఎండువాటికైతే రెండు తేడా. కూడికలూ తీసివేతలూ మానేసి, ప్రతి వరుసకూ దాని నంబరును కట్టేశాను. స్థానంతో పని లేదు.

మే 25

క్రమం. అక్షరక్రమాన్ని ఎత్తేశాను. గత 30 రోజుల్లో ఎక్కువసార్లు కొన్న చేప పైన, మిగతావి కింద. పద్దు డేటాబేస్‌లో ఉంది కాబట్టి పేర్లను నడుస్తున్నప్పుడే నింపాలి. చదవడం పూర్తయ్యేలోపే జాబితా నొక్కితే వరుసలు లేవని డైలాగ్ క్రాష్ అయింది. పేర్లు వచ్చేదాకా ఆ ప్రిఫరెన్స్‌ను నొక్కడానికి వీల్లేకుండా ఉంచాను. అరక్షణం కూడా పట్టదు.

నిషేధంలో కొన్నవన్నీ ఎండువే అని తర్వాత గుర్తొచ్చింది. అలాగే వదిలితే జూన్‌లో ఎండు నెత్తళ్ళే పైన కూర్చుంటాయి. క్రమం లెక్కను ఏ భాగానికి ఆ భాగం విడిగా చేశాను.

జూన్ 1

కొలత జాబితాలో కిలో ఒక్కటే ఉండేది. కుప్ప, ఒక్కోటి అని రెండు చేర్చాను. నెత్తళ్ళను ఒడ్డున కిలో లెక్కన ఎవరూ అడగరు. ఏ చేపకు తగ్గ కొలత ఆ చేపకు ముందే పడుతుంది.

మార్కెట్ల జాబితాలో ఒకటికి మించి ఎంచుకోవచ్చు, కాబట్టి మల్టీసెలెక్ట్. దాచిన సెట్‌ను, అంటే ఎంచుకున్న మార్కెట్ల గుంపును, చదివి, దానికే ఇంకో మార్కెట్ చేర్చి తిరిగి రాస్తే యాప్ మూసి తెరిచాక చేర్చింది ఉండదు. కొత్త సెట్‌గా నకలు తీసి, నకలును మార్చి రాయాలి.

జూన్ 16

నిన్న పడవలు కదిలాయి. ఈ ఉదయం ఒడ్డున జనం. అత్త తిరిగొచ్చి, సంచి గుమ్మం దగ్గరే పెట్టి ఫోను తెరిచింది. సెట్టింగ్స్‌లో కోనాం మూడో వరుసలో ఉంది, కిందకు జరపకుండానే చుక్క పెట్టింది. పైకి ఏమీ అనలేదు. కాసేపు జాబితా అంతా చదివి, "గులివిందలు లేవేమిటి?" అంది.

సంచిలో ఉన్నవి అవే. రాత్రి వాటికి 131 నంబరు ఇచ్చాను, కొలత కుప్ప.