కుక్కర్ కూత

మా పండుగాడు రాజపాళయం కుక్క. పాలనురగ లాంటి ఒళ్లు, గులాబీ ముక్కు. ఆ రంగు చూసే తెచ్చుకున్నా, అబద్ధమెందుకు!

రెండో వారంలో అనుమానమొచ్చింది. కుక్కర్ కూత పెడుతున్నా స్టవ్ పక్కనే గుర్రుపెట్టి పడుకున్నాడు. డాక్టర్ గారు వాడి వెనక నిలబడి తాళాల గుత్తి గలగలలాడించారు. చెవి కూడా కదల్లేదు. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ కావాలట. అవి లేకపోతే తెలుపుతో పాటు చెవుడూ రావచ్చట. ఈ జాతిలో ఇది కొత్తేం కాదు. అమ్మినాయన మాత్రం ‘ప్యూర్ వైట్ సార్’ అన్నాడే తప్ప ఈ ముక్క చెప్పలేదు.

నిన్న పక్కవీధి ఆయన తన ఆడకుక్కతో క్రాసింగ్‌కి అడిగారు. ‘పిల్లలన్నీ తెల్లగా పుడతాయండీ’ అన్నారు. అందుకే వద్దన్నాను.

సోమవారం వాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. పొద్దున్నే లేపాలి, అంటే నేలమీద కాలితో రెండుసార్లు తట్టాలి.