గొంతు దిగిన డప్పు

బుధవారం, రాత్రి 12 దాటింది.

మూడు వారాలుగా కంప్యూటర్‌లో చేస్తున్న డాన్స్ మ్యూజిక్ ట్రాక్‌ని నిన్న రాత్రి ఫ్రెండ్‌కి పంపాను. పొద్దున్న లేచేసరికి వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. "బాగుందిరా, మిక్స్ కూడా క్లీన్‌గా ఉంది. కానీ ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడ విన్నానో మాత్రం చెప్పలేను." అంతే, 15 సెకన్లు. బ్రష్ చేసుకుంటూ రెండుసార్లు విన్నాను. కోపం రాలేదు. నిజం కాబట్టి బాధేసింది.

మెట్రోలో సీటు దొరికాక, ఈ నెలంతా ఏం విన్నానో యాప్‌లో వెనక్కి తిప్పి చూశాను. అటూ ఇటూగా ఓ 40 ట్రాకులు, మళ్లీ మళ్లీ అవే. అన్నిటి వేగమూ 120కి, 126కి మధ్య బీపీఎం, అంటే నిమిషానికి అన్ని దెబ్బలు. 32 బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు) కాగానే అదే స్నేర్ రోల్, అంటే అంతకంతకూ జోరు పెంచే డ్రమ్ దరువు, ఆ వెంటనే అదే డ్రాప్, అంటే బీట్ అంతా ఒక్కసారిగా విరుచుకుపడే చోటు. విన్నదానికి దగ్గరగా ఉన్నదే యాప్ మళ్లీ ఇస్తుంది, ఇచ్చిందే నేను వింటాను. అది చాలదన్నట్టు వాటిలో ఒకదాన్ని రిఫరెన్స్‌గా ప్రాజెక్ట్‌లో పెట్టుకుని, నా కిక్ డ్రమ్ దానంత గట్టిగా ఉందా, నా బేస్ దానంత కిందికి దిగిందా అని రోజూ కొలుచుకున్నాను. చెవిలోకి వెళ్లింది అదొక్కటే అయినప్పుడు చేతిలోంచి ఇంకోటి ఎలా వస్తుంది?

దారంతా అమెరికాలోని డెట్రాయిట్ కుర్రాళ్ల గురించే ఆలోచించాను. హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. ముగ్గురూ డెట్రాయిట్ పక్కన బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్నారు, టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి ఆద్యులయ్యారు. రాత్రిళ్లు వాళ్లు వినే రేడియోలో ఎలక్ట్రిఫయింగ్ మోజో అనే డీజే ఉండేవాడు. ఇది నల్లవాళ్ల పాట, అది తెల్లవాళ్ల పాట అని గీత గీయకుండా, ఒకే షోలో జర్మనీ నుంచి వచ్చిన క్రాఫ్ట్‌వెర్క్ మిషన్ సంగీతం, జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్ బ్యాండ్ ఫంక్, ప్రిన్స్ పాటలు అన్నీ వేసేవాడు. తమ సంగీతం ఎలాంటిదో డెరిక్ మే తర్వాత ఒక మాటలో చెప్పాడు: జార్జ్ క్లింటన్, క్రాఫ్ట్‌వెర్క్ ఒకే లిఫ్టులో ఇరుక్కుపోయి, తోడుగా ఒక్క సీక్వెన్సర్ (స్వరాల వరసని తనంతట తనే వాయించే మిషన్) మాత్రమే ఉంటే ఎలా ఉంటుందో అలా అని. కొత్తగా చేద్దామని వాళ్లు కూర్చున్నారో లేదో గానీ, వాళ్ల చెవుల్లో అప్పటికే రెండు ప్రపంచాలు కలిసిపోయి ఉన్నాయి.

లంచ్ టైంలో క్యాంటీన్‌కి వెళ్లకుండా, టిఫిన్ బాక్స్ డెస్క్ మీదే తెరిచి, చాన్నాళ్ల తర్వాత చరణ్‌జీత్ సింగ్‌ని విన్నాను. ఈయన గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. బొంబాయిలో హిందీ సినిమా పాటలకి వాయించిన సెషన్ మ్యుజీషియన్. 1982లో రోలాండ్ కంపెనీ మిషన్లు మూడు, బేస్ వాయించే టీబీ-303, డ్రమ్స్ వాయించే టీఆర్-808, జూపిటర్-8 అనే సింథసైజర్ ముందు పెట్టుకుని పది రాగాలని డిస్కో బీట్ మీద వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఉలిక్కిపడింది. ఎందుకంటే అది అచ్చం యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతంలా ఉంది, షికాగోలో ఫ్యూచర్ అనే గ్రూపు యాసిడ్ హౌస్‌కి దారి వేసిన రికార్డు తెచ్చిందేమో 1987లో.

నన్ను ఎప్పుడూ పట్టి ఊపేది ఆ 303. గిటార్ వాయించేవాళ్లకి పక్కన బేస్ వాయించే మనిషి లేకపోతే ఆ లోటు తీరుద్దామని చేసిన చిన్న డబ్బా అది. ఆ పనికి పనికిరాలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. కానీ అందులో స్లైడ్ ఉంది, ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారుతుంది. షికాగో వాళ్లు ఆ శబ్దం నడుస్తుండగా ఫిల్టర్ నాబ్‌లు తిప్పి, కీచుమనే, గుక్కలు మింగే శబ్దం పుట్టించారు. చరణ్‌జీత్ సింగ్‌కి మాత్రం ఆ జారడంలో రాగం వినిపించింది. మనం గమకాల్లో జారు అంటామే, అదే. మిషన్ ఒకటే, చెవులు వేరు. మొన్న ఆదివారం ఇంట్లో ఆయన ఆల్బమ్‌లోని మాల్కౌంస్ రాగం పెడితే, పప్పు పోపు వేస్తున్న అమ్మ గరిటె ఆపి, "ఇది హిందోళం కదరా? ఎవరు పాడుతున్నారు?" అంది. మిషన్ అని చెబితే నమ్మలేదు. పాడుతున్నారు అనే అంది ఆవిడ, వాయిస్తున్నారు అనలేదు. అది నాకు చాలా ఇష్టంగా ఉంది.

ఒక మాట నాకు నేనే చెప్పుకోవాలి. రకరకాలుగా వినడమంటే రకరకాల శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన శబ్దపు ముక్కలు) అతికించడం కాదు. పోయిన ఏడాది ఒక హౌస్ ట్రాక్ మీద శాంపిల్ ప్యాక్‌లోని నాదస్వరం లూప్ వేశాను. నాదస్వరం కచేరీ ఒక్కటీ పూర్తిగా కూర్చుని వినకుండానే వేశాను. అది పట్టుచీరల యాడ్‌లా వచ్చింది. దాన్ని ఎవరికీ వినిపించలేదు.

సాయంత్రం స్టేషన్ దిగి నడుస్తుంటే, మా వీధికి రెండు వీధుల ముందు ఒక ఇంట్లో ఎవరో పోయారు. బయట షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. రోడ్డు పక్కన నలుగురు మనుషులు కాగితాలు, గడ్డి పోగేసి మంటపెట్టి డప్పులు కాగబెడుతున్నారు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో ఈ దృశ్యం. ఇవాళే నిలబడి విన్నాను. మంట మీంచి తీయగానే ఒకాయన చిర్రతో ఒక్క దెబ్బ వేశాడు, టంగుమంది. వాయించడం మొదలుపెట్టాక కాసేపటికి ఆ శబ్దం మెల్లగా కిందికి జారడం వినిపించింది. నాలుగు డప్పులూ ఒకేలా చల్లారవు. ఒకటి ముందే దిగిపోయింది, ఇంకోటి పైనే ఉంది. మళ్లీ ఆపారు, మళ్లీ మంట దగ్గరికి వెళ్లారు.

పక్కనే ఉన్న ముసలాయన్ని అడిగాను, ఎందుకు పెద్దాయనా ఇన్నిసార్లు కాగబెట్టడం అని. "సల్లవడితె దాని గొంతు దిగుతది బిడ్డా" అన్నాడు, డప్పు మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటూ. తాతల కాడి నుంచి ఇదే పనట. ఆయన చెవి ముందు నా 40 ట్రాకులు ఏపాటివి అనిపించింది. ఎవరి చావుకైనా వీళ్ల డప్పు కావాలి, పలకరింపు మాత్రం కుర్చీల్లో కూర్చున్నవాళ్లకే. ఆయనకి మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు. పక్క కొట్లో నాలుగు టీలు చెప్పి వచ్చాను.

ఫోన్ తీసి రికార్డ్ చేయాలని చెయ్యి జేబు దాకా వెళ్లింది. లోపల ఏడుపు వినిపిస్తోంది. తీయలేదు. విన్నంత గుర్తుపెట్టుకుని ఇంటికి వచ్చాను.

అన్నం తిని ప్రాజెక్ట్ తెరిచి, రిఫరెన్స్ ట్రాక్ తీసేశాను. శాంపిల్ ఏదీ లేదు కాబట్టి డప్పుని గుర్తున్నదాన్ని బట్టే కట్టాలి. ఒక సైన్ వేవ్ (ఒకే స్వరం పలికే నున్నటి శబ్దం), దాని మీద కొంచెం నాయిస్ (బుస్సుమనే శబ్దం), సన్నపుల్ల దెబ్బకి వేరే పొట్టి శబ్దం. అలాంటివి నాలుగు చేసి, నాలుగింటి పిచ్‌నీ 32 బార్ల పొడుగునా మెల్లగా దించాను, ఒక్కోదాన్ని ఒక్కో వేగంతో. మొదట మరీ ఎక్కువ దించితే తాగినట్టు వినిపించింది. మూడు సెమీటోన్లు, అంటే మూడు స్వరస్థానాల దగ్గర సరిపోయింది. దిగుతోందని చెవితో చెప్పలేం, కానీ ఏదో అలిసిపోతున్నట్టు ఉంటుంది. ప్రతి దెబ్బనీ తాళానికి కొలిచినట్టు అతికించే గ్రిడ్ ఆఫ్ చేసి దెబ్బల్ని చేత్తో వాయించాను. ఇన్నాళ్లూ ఏ ప్లగిన్‌తో అయినా వెచ్చదనం వస్తుందా అని వెతికాను.

తర్వాత స్నేర్ రోల్ దగ్గర ఆగిపోయాను. ఇక్కడ అందరూ రోల్ పెంచి డ్రాప్ వేస్తారు. కానీ డప్పులవాళ్లు అలా చేయలేదు. ఆపేసి, మంట చుట్టూ కూర్చుని, ఏదో మాట్లాడుకున్నారు. రోల్ మొత్తం తీసేశాను. ఆ చోట 8 బార్లు సన్నటి చిటపట తప్ప ఏమీ లేదు. 8 చాలలేదు, 16 చేశాను. హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్‌లో విన్నాను.

అమ్మ నిద్రకళ్లతో తలుపు దగ్గరికి వచ్చింది. "ఏంట్రా, పాట ఆగిపోయింది?"

"ఆగలేదమ్మా. డప్పు కాగుతోంది."

కుర్చీ లాక్కుని కూర్చుంది.